ఎనిమిది పాయింట్ల దానం

మార్చి 14, 2006, మంగళవారం

చేత్తో పట్టి కాలితో తన్నే మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌ని నేనేనట. ఇంకెవరూ చెయ్యెత్తలేదు కాబట్టి.

క్లబ్బు గదిలో పదకొండు మందిమి ఉన్నాం, అందులో నలుగురు టీ కోసం వచ్చినవాళ్లు. అధ్యక్షుడు మెర్విన్ బాబాయి కళ్లజోడు తుడుచుకుంటూ నా వైపే చూశాడు.

"ఇరవై రెండేళ్లు గోల్ అంపైరుగా స్తంభాల మధ్య నుంచున్నావు కదమ్మాయ్. ఆటని నీకన్నా దగ్గర్నించి చూసినోళ్లెవరు?"

"చూడ్డం వేరు, ఆడించడం వేరు బాబాయ్."

"ఆడించడం తెలిసిన మగాళ్లని కూడా చూశాంలే. వరసగా ఇరవై ఏడు ఓటములు. నువ్వు ఇంకేం పాడుచేస్తావ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఒప్పుకున్నట్టు రాసేసుకున్నారు.

లీగు ఉత్తరం చదివారు. ఈ ఏడు కనీసం రెండు మ్యాచ్‌లైనా గెలవని జట్టు పక్క ఊరి జట్టులో కలిసిపోవాలి. అంటే మా ఊరు కుల్లాంగ్ పేరు ఉండదు, ఆడపిల్లల నెట్‌బాల్ ఉండదు, శనివారం ఈ గదికి తాళం. పక్క ఊరంటే బారంబీ. బారంబీ కోచ్ నా తమ్ముడు క్లైవ్.

క్లైవ్ గురించి ఈ డైరీలో రాయను.

మార్చి 15

వాన లేదు.

ఏప్రిల్ 8, శనివారం

తొంభై నాలుగు పాయింట్ల తేడాతో ఓడాం. మొదటి క్వార్టర్‌లో మేం ఒక గోల్ కొట్టగానే మైదానం చుట్టూ ఉన్న మా కార్లన్నీ హారన్లు మోగించాయి. ఆ తర్వాత వాటికి పని పడలేదు.

మా జట్టు సంగతి: సగటు వయసు ముప్పై ఆరు. కెప్టెన్ జార్విస్ టికెల్ ధాన్యం గోదాములో పనిచేస్తాడు, మోకాలికి పట్టీ లేకుండా నడవలేడు. గోల్ కాసే డార్సీ హ్యూబ్నర్ గొర్రెల బొచ్చు కత్తిరిస్తాడు, నలభై మూడేళ్లు, తలుపంత వెడల్పు. పరిగెత్తమంటే "ఎందుకు, బంతి ఎలాగూ నా దగ్గరికే వస్తుందిగా" అంటాడు. నిజమే, ఇవాళ ఇరవై సార్లకు పైగా వచ్చింది.

ఏప్రిల్ 23

పాలకు వెళ్తే పోస్టాఫీసు దగ్గర క్లైవ్ కారు కనిపించింది. పాలు కొనకుండానే వచ్చేశాను. వాణ్ని చూసి కాదు. ఇంట్లో పాలున్నాయని గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట వాడు బారంబీకి వెళ్లినప్పుడు ఆరుగురు కుర్రాళ్లను వెంట తీసుకెళ్లాడు. "ఇక్కడ ఇంకేం మిగిలిందక్కా? నువ్వూ రా" అన్నాడు. నన్ను కూడా! అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, నాకు పంతొమ్మిది. వాడి బూట్లకు లేసులు కట్టి ఈ మైదానంలోకి తోసింది నేను.

రాయనన్నాను కదా.

మే 2

ఇంట్లో పాలు లేవు. ఆ రోజు కూడా లేవు.

మే 11

నేను నడిపే స్కూలు బస్సు ఆపి పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు ఆట నియమాల పుస్తకం చదువుతున్నాను. గోల్ అంపైరు పరీక్షకు చదివింది ఆ పనికి సంబంధించిన నాలుగు పేజీలే. మిగతాదంతా ఇప్పుడు మొదటిసారి.

గమ్మత్తేమిటంటే, ఏం చేయకూడదో చాలా రాశారు. మనుషులు ఎక్కడ నిలబడాలో మాత్రం దాదాపు రాయలేదు. పద్దెనిమిది మందినీ ఒకే మూలన నిలబెట్టినా తప్పు కాదు. అలా ఎవరూ నిలబెట్టరు, అంతే.

మే 25

జార్విస్‌తో చెప్పాను. గాలికి ఎదురాడే రెండు క్వార్టర్లూ పద్దెనిమిది మందీ వెనక్కి, మన గోల్ ముందుకి. గాలి మన వైపున్నప్పుడు మాత్రమే ముందుకి.

"అది ఆటా, గొర్రెల దొడ్డా?" అన్నాడు.

"దొడ్డిలో గొర్రెలు క్షేమంగానే ఉంటాయిగా."

"జనం నవ్వుతారు."

"ఇప్పుడేం చేస్తున్నారు మరి?"

మిగతావాళ్లను పిలుచుకురావడానికి వెళ్లాడు.

జూన్ 3, శనివారం

గెలిచాం!!

నాలుగు పాయింట్ల తేడా. గాలికి ఎదురుగా ఆడినప్పుడు వాళ్లకు మా గోల్ ముందు మనుషులే తప్ప సందు కనిపించలేదు. వాళ్ల కోచ్ కంచె అవతల నుంచి "ఫుట్‌బాల్ ఆడండ్రా!" అని గొంతు పోయేలా అరిచాడు. డార్సీ మర్యాదగా చెయ్యి ఊపాడు. హారన్లు పావుగంట ఆగలేదు. మెర్విన్ బాబాయి కారు బ్యాటరీ అయిపోతే తోసుకుంటూ బయటికి తెచ్చాం.

ఇంకొక్కటి చాలు.

జూన్ 17, శనివారం

బారంబీ మైదానంలో ఓడాం. పదకొండు పాయింట్లు. చలి. ఇంకేం రాయడానికి లేదు.

జూన్ 18

ఊరంతా ఒకటే మాట. చివరి క్వార్టర్‌లో బారంబీ వాళ్లు నిమిషం సేపు పందొమ్మిది మందితో ఆడారట. బయటికి రావాల్సినవాడు రాకముందే లోపలికి వెళ్లాల్సినవాడు దూకాడట. మా కెప్టెన్ అంపైరుని ఆపి తలలు లెక్కపెట్టమని అడిగి ఉంటే, ఒక్కడు ఎక్కువ తేలినా, అప్పటిదాకా వాళ్లు చేసిన స్కోరంతా సున్నా అయ్యేది. రెండో గెలుపు చేతికి వచ్చేది.

జార్విస్ మైదానంలోంచే నన్ను అడిగాడు, "కోచమ్మా, వాళ్లు సరిగ్గానే ఉన్నారా?" అని. "ఆడు ఆడు" అన్నాను.

దూరం నుంచి నాకు సరిగ్గా కనిపించలేదు. దుమ్ము.

జూన్ 20

దుమ్ముగా ఉంది. నేను లెక్కపెట్టలేదు.

జూన్ 22

జార్విస్ భార్య టీనా కారులో కూర్చునే లెక్కపెట్టిందట. ఆమెకు కనిపించింది మరి.

జూన్ 29

లెక్కపెట్టాను. పందొమ్మిది.

రెండుసార్లు లెక్కపెట్టాను. తల తిప్పితే క్లైవ్ నన్నే చూస్తున్నాడు. వాడూ లెక్కపెట్టాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఎనిమిదేళ్లప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి నా ముందు నిలబడ్డ ముఖమే. నా నోట్లోంచి "ఆడు ఆడు" అని వచ్చింది.

ఒక ఊరి గెలుపు ఇచ్చేశాను. నాది కాదు అది.

జులై 8

ఓడాం. ఆరు.

జులై 15

ఓడాం. రెండే పాయింట్లు. మా గొర్రెల దొడ్డి ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, దూరం నుంచి తన్నే మొనగాళ్లను తెచ్చుకుంటున్నారు. అయినా ఒకప్పుడు తొంభై నాలుగుతో ఓడిన జట్టు ఇది.

జులై 29

ఓడాం. ఇక మిగిలింది ఒకే మ్యాచ్. మా మైదానంలో, బారంబీతో.

ఆగస్టు 3

బస్సులో, ఇంజను ఆపి, పుస్తకం తెరిచి ఇది రాసుకుంటున్నాను. ఇరవై రెండేళ్లు నా ముక్కు కిందే ఉన్న సంగతి.

మధ్య స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. వాటి పక్క స్తంభాల సందులోంచి పోతే ఒంటి పాయింటు. గోల్ కాసేవాడే బంతి పట్టుకుని తన గీత దాటితే, ఏ సందులోంచైనా సరే, ఎదుటివాళ్లకు ఒకటే ఒకటి. ఆ వెంటనే బంతి మళ్లీ గోల్ కాసేవాడి చేతికే వస్తుంది. గోల్ ముందు సున్నంతో గీసిన డబ్బాలోంచి తన్ని ఆట మొదలెట్టాలి. అతను తన్నేదాకా ఎదుటివాళ్లు డబ్బాలోకి రాకూడదు. తన్నిన బంతి ఎంత దూరం పోవాలన్నది లేదు. పాదానికి తగిలి తన చేతిలోకే వచ్చినా తన్నినట్టే.

మళ్లీ గీత దాటొచ్చు. మళ్లీ ఒకటి.

ఎన్నిసార్లని ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. లేదు.

ఆగస్టు 8, మంగళవారం

సాధన అయ్యాక అందర్నీ కూర్చోబెట్టాను. ముందు జూన్ సంగతి చెప్పాను. "పందొమ్మిది మందిని లెక్కపెట్టాను. నోరు మూసుకున్నాను. తమ్ముడని." అంతకన్నా పెద్ద వాక్యం రాలేదు.

 జార్విస్ మోకాలి పట్టీ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మాకు తెలుసు కోచమ్మా," అన్నాడు చివరికి. "టీనా అప్పుడే చెప్పింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాం."

"కోచ్‌ని మార్చుకోవాలంటే చెప్పండి. ఇంకా నాలుగు రోజులుంది."

"ఎవర్ని పెట్టమంటావ్, మెర్విన్ తాతనా?" అన్నాడు డార్సీ. "ఆయనకి బ్యాటరీ ఎక్కించడమే రాదు."

అప్పుడు నవ్వారు. అప్పుడు నేను పుస్తకం తీశాను.

డార్సీకి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది.

"ఆగాగు. నేను చేతిలో బంతి పట్టుకుని వెనక్కి నడిచి వాళ్లకి పాయింటు ఇవ్వాలా? నేనా? ఇరవై ఐదేళ్ల నుంచి ఆ గీత దాటనివ్వకుండా కాస్తున్నా!"

"ఒక్కో పాయింటుకీ అర నిమిషం కొంటున్నావు. గాలికి ఎదురుగా దూరం తన్నితే అది తిరిగొచ్చి ఆరవుతుంది. ఇలా అయితే ఒకటి. నువ్వే చెప్పు ఏది చవకో."

"మరి మనకి ఉన్న ఆధిక్యం అయిపోతే?"

"ఒక పాయింటు మిగిలాక ఆపేస్తావు."

గడ్డం గోక్కున్నాడు. "మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి కొడతాడు," అన్నాడు. తర్వాత లేచి డబ్బాలోకి వెళ్లి వెనక్కి నడవడం మొదలెట్టాడు. ముప్పై సార్లు నడిచాడు.

ఆగస్టు 12, శనివారం

గెలిచాం. ఒక్క పాయింటు. మిగతాదంతా రేపు.

ఆగస్టు 13, ఆదివారం

గాలి ఉత్తరం నుంచి, ఎర్ర దుమ్ముతో. మూడో క్వార్టర్ మాకు గాలివాటం. ఉన్న బలమంతా అక్కడే పెట్టాం. అది ముగిసేసరికి ఇరవై తొమ్మిది పాయింట్లు ముందున్నాం. ఎవరూ నమ్మలేదు, మేము కూడా. ఆఖరి క్వార్టర్ గాలికి ఎదురు. వాళ్లు ఒక గోల్. మరొకటి. మేం తన్నిన ప్రతి బంతీ గాల్లో ఆగి, వెనక్కి తిరిగి వాళ్ల చేతుల్లో పడుతోంది. మూడో గోల్ తర్వాత ఇక తేడా పదకొండు. వాళ్ల కార్లు హారన్లతో మోతెక్కిస్తున్నాయి. రెండు ఒంటి పాయింట్లు పోయాయి. తొమ్మిది.

గడియారం చూశాను. నాలుగు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. కంచె మీద చేత్తో రెండుసార్లు కొట్టాను. డార్సీ చూశాడు.

బంతి అతని చేతిలో ఉంది. డబ్బాలో నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. అంపైరు "ఆడాలి! ఆడాలి!" అని అరిచాక బంతిని పాదానికి తాటించి చేతిలోకి తీసుకున్నాడు. బారంబీ కుర్రాళ్లు దూకారు. డార్సీ రెండడుగులు వెనక్కి వేసి గీత దాటాడు.

గోల్ అంపైరు ఒక వేలు చూపించి, ఒక జెండా ఊపాడు. బారంబీ హారన్లు మోగాయి. పాయింటు వచ్చిందని సంతోషం! ఎనిమిది.

మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ తాటించాడు. మళ్లీ దాటాడు. ఏడు. ఈసారి హారన్లు సగమే.

ఆరు. ఒక్క హారను, అది కూడా మధ్యలో ఆగిపోయింది.

"ఏం చేస్తున్నాడ్రా వాడు?" అని కంచె దగ్గర ఎవరో అన్నారు. "ఎండదెబ్బ తగిలిందా?"

"పిచ్చెక్కింది. మన స్కోరు వాడే చేస్తున్నాడు."

"వాడు స్కోరు చెయ్యట్లేదురా దద్దమ్మా, టైము తినేస్తున్నాడు!"

అప్పటికి అయిదు. తేలిపోయింది. అవతలివైపు నుంచి బూతులు, ఎవరో సగం తిన్న మాంసం కూరిన రొట్టె విసిరారు, టమాటా సాసుతో సహా డార్సీ భుజం మీద పడింది. తుడుచుకోలేదు. బారంబీ కెప్టెన్ అంపైరు ముందుకెళ్లి చేతులు చాపాడు. "ఇది మోసం కాదా సార్?" అంపైరు పాతికేళ్లవాడు, చెమటలు కక్కుతున్నాడు. "ఏ నియమం కింద?" అని ఎదురడిగాడు. నిజంగానే అడిగాడు, పాపం, ఎవరైనా చెబితే వినాలని.

నాలుగు. మూడు.  ఎదుటివాళ్లకి చేజేతులా పాయింటు ఇవ్వడమంటే ఎంత కష్టమో నిన్నే తెలిసింది నాకు. రెండు.

ఒకటి.

ఇక ఇవ్వడానికి లేదు. ఇంకొకటి ఇస్తే సమానం. సమానం గెలుపు కాదు. డార్సీ నా వైపు చూశాడు. నేను చెయ్యి పక్కకు, అంచు గీత వైపు చూపించాను. మా పదిహేడు మందీ అప్పటికే అక్కడికి చేరారు, మోకాలు ఈడ్చుకుంటూ జార్విస్ కూడా. డార్సీ బంతిని ఎత్తుగా కాదు, నేలబారుగా, కోపంగా తన్నాడు. అది ఆ గుంపులో పడింది.

తర్వాత నాకు కనిపించింది కాళ్లు, మోచేతులు, దుమ్ము. బంతి మీద జార్విస్, జార్విస్ మీద ఆరుగురు. అంపైరు ఈల వేశాడు. బంతిని లాక్కుని పైకెగరేశాడు, మళ్లీ గుంపు, మళ్లీ ఈల. ఒక బారంబీ కుర్రాడి చేతికి వచ్చింది. వాడు తిరిగాడు, కాలెత్తాడు. డార్సీ, పరిగెత్తడం ఎందుకనే డార్సీ, ఇరవై గజాలు పరిగెత్తి తలుపులా వాడి మీద పడ్డాడు.

సైరన్.

నేను కంచె ఎలా దాటానో గుర్తు లేదు. స్కర్టు చిరిగింది. మెర్విన్ బాబాయి ఏడుస్తూ "అమ్మాయ్, అమ్మాయ్" అంటున్నాడు. మా హారన్లు మొదలయ్యాయి. అయిదు మైళ్ల అవతల గోదాము దగ్గర కాపలాదారుకు వినిపించాయట.

క్లైవ్ మైదానం మధ్యలోంచి నడిచి వచ్చాడు. నేను నిలబడ్డాను. మావాళ్లు పక్కకు తప్పుకున్నారు.

"నాలుగు నిమిషాలక్కా," అన్నాడు. "నాలుగు నిమిషాలు నిన్నే చూస్తూ నుంచున్నా. ఏం చెయ్యాలో ఒక్కటీ తోచలేదు."

"నువ్వు నియమాల పుస్తకం ఎప్పుడు చదివావు గనక?"

"నువ్వు చదివి చెప్పేదానివిగా." బూటు కొనతో దుమ్ములో గీత గీశాడు. "జూన్‌లో నువ్వు లెక్కపెట్టావు."

"పెట్టాను."

"నేనే చెయ్యెత్తి అంపైరుకి చెప్పాల్సింది. చెప్పలేకపోయా. అప్పట్నించి నీ మొహం చూడలేక పోస్టాఫీసుకి రావడం కూడా మానేశా."

"ఇకనించి రా," అన్నాను.

వాడు నవ్వాడు. రెండేళ్ల తర్వాత వాడి ముందరి పన్ను వంకర చూశాను.  

ఆగస్టు 16

బారంబీ అధ్యక్షుడు లీగుకు ఫిర్యాదు చేశాడు. ఆట పరువు తీశామట. ఫలితం రద్దు చేయాలట. దాని మీద క్లైవ్ సంతకం లేదు.

భయం లేదు. కొంచెం ఉంది.

ఆగస్టు 23, బుధవారం

విచారణ. పొడుగాటి బల్ల, అయిదుగురు పెద్దమనుషులు, మధ్యలో నీళ్ల జగ్గు. డార్సీ పెళ్లినాటి కోటు వేసుకొచ్చాడు, గుండీలు పట్టలేదు.

"ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కాదంటారా?" అని ఒకాయన అడిగాడు.

"ఎనిమిది పాయింట్లు ఊరికే ఇచ్చాం సార్," అన్నాడు డార్సీ. "అంతకన్నా దానగుణం ఈ లీగులో ఎవరు చూపించారు?"

జగ్గు ఊగేలా నవ్వారు. నవ్వు ఆగాక క్లైవ్‌ను లేవమన్నారు. బారంబీ తరఫున చెప్పాలి. వాడి అధ్యక్షుడు పక్కనే కూర్చున్నాడు, ఆశగా.

"పుస్తకం వారం రోజులు చదివానండి," అన్నాడు క్లైవ్. "వాళ్లు తప్పిన నియమం ఒక్కటీ దొరకలేదు. మా కుర్రాళ్లు ఓడిపోలా. నేను ఓడిపోయా. మా జూన్ గెలుపు గురించి అడగండి, అప్పుడు చెప్తా పరువు సంగతి."

అడగలేదు. అడగకుండానే అయిదుగురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ఫిర్యాదు కొట్టేశారు. కుల్లాంగ్ కుల్లాంగ్‌గానే ఉంటుంది.

బయట మెట్ల మీద మా అధ్యక్షుడూ వాళ్ల అధ్యక్షుడూ చేతులు కలపక తప్పలేదు. చూడటానికి బాగుంది.

సెప్టెంబరు 2

వచ్చే ఏటికి ఇరవై ఆరుగురు పేర్లు ఇచ్చారు. గతంలో వెళ్లిపోయిన ఆరుగురిలో ఇద్దరు కూడా. "దారి తప్పాం కోచమ్మా" అన్నారు. దారి అక్కడే ఉందని చెప్పి ఫారాలు ఇచ్చాను.

సెప్టెంబరు 9

డార్సీ ఇక ఆడనన్నాడు. ఫారం మీద సంతకం పెట్టాక అన్నాడు.

నవంబరు 15, బుధవారం

లీగు వార్షిక సమావేశం. వాన పడుతుండగా వెళ్లాం, రేకుల కప్పు మీద చప్పుడుకు సగం మాటలు వినపడలేదు. వినపడకపోయినా ఎవరూ విసుక్కోలేదు.

ఆఖరున బారంబీ వాళ్ల తీర్మానం. గోల్ కాసేవాడు కావాలని బంతితో గీత దాటితే, ఇకనుంచి ఎదుటి జట్టుకు గోల్ ఎదురుగా నిలబడి తన్నే అవకాశం. చదవడం అయిపోయింది. బలపరిచేవాళ్లు కావాలి. లీగు అధ్యక్షుడు గదంతా చూశాడు. మిగతా ఊళ్లవాళ్లు బూట్లు చూసుకుంటున్నారు. ఆ నాలుగు నిమిషాలు చూసిన ప్రతివాడూ మనసులో దాన్ని తనకోసం దాచుకున్నాడని నాకు తెలుసు.

నేను చెయ్యెత్తాను.

"నువ్వా వెర్నా?" అన్నాడాయన.

"నేనేనండి. ఆ గేటులోంచి మేం ఒకసారి వెళ్లొచ్చాం. ఇక మూసేయండి. ఎవడైనా మా మీదే వాడగలడు."

వెనక నుంచి క్లైవ్ పగలబడి నవ్వాడు. ఒక్క ఓటు కూడా ఎదురు పడకుండా తీర్మానం పాసయింది. ఇరవై రెండో నియమం కింద కొత్త వాక్యం, టైపు చేసి తలా ఒక కాగితం ఇచ్చారు. ఊరి పేరు లేదు, తేదీ లేదు, డార్సీ పేరు లేదు. అక్కర్లేదు. ఈ లీగులో పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ ఆ వాక్యం దగ్గర ఆగి, ఇదెందుకు పెట్టారని పక్కవాణ్ని అడుగుతాడు. పక్కవాడు చెబుతాడు.